టేకుకు కొట్టిన మందు, మరిది ఇంటి పట్టుపురుగులు

కల్వకుర్తి దిక్కు ఒక ఊరి నుంచి ఒక చెల్లెమ్మ ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె కష్టం క్లుప్తంగా ఇది.

పదకొండేళ్ల కింద మామ మూడెకరాల చెలకలో టేకు పెట్టాడు. ఇద్దరు మనవరాళ్ల పెళ్లిళ్లకు అక్కరకొస్తుందని ఆయన ఆశ. భర్త హైదరాబాద్‌లో డ్రైవర్, నెలకోసారి వస్తాడు. చెలక, బర్రెలు, మామ బీపీ మందులు అన్నీ ఈమె మీదే. బండ్ల బాటకు తూర్పున మరిదిది ఎకరంన్నర మల్బరీ తోట, పక్కనే పట్టుపురుగుల షెడ్డు. పోయిన ఏడు జూలైలో వారం తిరిగేసరికి టేకు ఆకంతా పోయి ఈనెలు మిగిలాయి. "పురుగులు దారాల మీద వేలాడుకుంట దిగుతుంటే చెట్ల కిందికి పోలేకపోయినం. మరునాడే షాపాయన ఇచ్చిన మందు తెచ్చి పవర్ స్ప్రేయర్‌తో కొట్టిపిచ్చిన" అని రాశారు. రెండు రోజులకు మరిది షెడ్డులో నాలుగో జ్వరం (పురుగు తిండి మానేసి చర్మం విడిచే దశ) దాటి గూళ్లు కట్టబోతున్న పురుగులు తలలు పైకెత్తి, పసరు కక్కుకుని చచ్చిపోయాయి. బ్యాచ్ మొత్తం పోయింది.

అప్పటి నుంచి మరిది మాట్లాడడం లేదు. యారాలు బోనాలకు కూడా గడప తొక్కలేదు. "వదినె కండ్లమంటతోని కొట్టిపిచ్చింది" అన్న మాట ఊళ్లో తిరిగి ఈమె చెవిన పడింది. పైగా టేకు మీది రెక్కల పురుగులే మల్బరీ మీద గుడ్లు పెడుతున్నాయని, తన తోటలో ఆకుచుట్టు పురుగు పెరగడానికి కారణం అదేనని మరిది అంటున్నాడు. ఈ ఏడు మృగశిర వానకు టేకు చిగురేసింది. వారం నుంచి వాకిట్లో బల్బు కింద రెక్కల పురుగులు కనబడుతున్నాయి. రెండు రోజులు ఆకులు తిప్పి తిప్పి చూసినా గుడ్ల ముద్ద ఒక్కటీ దొరకలేదట. భర్త ఫోన్‌లో ముందే మందు కొట్టించమంటున్నాడు. మామ చెట్లు కొట్టేసి అమ్ముదామంటున్నాడు, బేరగాడు కూడా వచ్చి పోయాడు. చివర్లో ఆమె అడిగినవి: "గుడ్లు యాడ పెడ్తయో చెప్తే చేత్తోనే ఏరేస్త. మందు కొట్టాల్నా వద్దా? ఇదంతా నా తప్పేనా?"

చెల్లెమ్మా, ముందు గుడ్ల సంగతి చెప్తాను. మీరు అడిగిన మిగతావాటికి జవాబు అందులోనే ఉంది.

మీరు గుడ్ల ముద్ద కోసం ఎందుకు వెతికారో నాకు అర్థమైంది. మాది దేవరకొండ దిక్కు. చిన్నప్పుడు మా అమ్మ వెంట ఆముదం చేలోకి పోతే, ఆకు కింద గోధుమరంగు నూగు కప్పిన గుడ్ల ముద్దలు చూపించి ఆకుతో సహా తెంపించేది. అది పొగాకు లద్దె పురుగు. ఆ తల్లి వందల గుడ్లు ఒకేచోట పెట్టి, తన ఒంటి నూగు కప్పి పోతుంది. ఒక్క ఆకు తెంపితే వందల పురుగులు పోయినట్టే. పాలమూరు, నల్లగొండ చెలకల్లో పెరిగిన మనందరి కళ్లూ ఆ ముద్దకే అలవాటు పడ్డాయి.

టేకు తల్లి పురుగు పద్ధతి అది కాదు. దాని గుడ్లకు ముద్ద ఉండదు, నూగు ఉండదు. ఒక్కో గుడ్డును విడివిడిగా, ఎక్కువగా లేత ఆకు అడుగున, ఈనె పక్కన అంటించి పోతుంది. తెల్లగా, చదునుగా, కోలగా, పొడవు ఒక మిల్లీమీటరు అంతే. ఒక్క తల్లి దాదాపు ఐదువందల గుడ్లు పెడుతుంది గానీ అవి ఎన్నో ఆకుల మీద, ఎన్నో కొమ్మల మీద చెదిరి ఉంటాయి. ముదిరిన ఆకు దానికి పనికిరాదు. అప్పుడే పుట్టిన పిల్ల పురుగు నోటికి లేత ఆకే కావాలి, ఆ సంగతి తల్లికి తెలుసు. అందుకే టేకు చిగురు వేసే తొలి వానల్లోనే వచ్చి వాలుతుంది. మీ చెట్లు ఇప్పుడు మిద్దెను మించిన ఎత్తున ఉంటాయి. పై కొమ్మల లేత ఆకు మీద చెదిరిన గుడ్లను చేత్తో ఏరడం ఎవరి వల్లా కాదు. మీరు రెండు రోజులు వెతికినా దొరకలేదంటే మీ చూపులో లోపమేమీ లేదు.

ఆ గుడ్డు రెండు రోజుల్లో పగులుతుంది. మొదటి రెండు దశల్లో పిల్ల పురుగు ఆకు పైపొరను గీకుతూ, సన్నటి పట్టుదారాల చాటున ఉంటుంది. అప్పుడు దూరం నుంచి చూస్తే చెట్టు పచ్చగానే కనబడుతుంది. మూడో దశ నుంచి ఆకు అంచును కత్తిరించి మడత పెట్టుకుని లోపల దాక్కుంటుంది. ఎక్కువ ఆకు తినేది చివరి రోజుల్లోనే. పుట్టిన పది, పన్నెండు రోజులకు తిండి మానేసి దారం మీద కిందికి దిగి, రాలిన ఆకుల కిందో, పలచటి మట్టి పొర కిందో గూడు కట్టుకుంటుంది. ఆరు నుంచి ఎనిమిది రోజుల్లో రెక్కలతో బయటికి వస్తుంది. అలా వచ్చిన తల్లి పురుగులు చాలా వరకు అదే తోటలో మళ్లీ గుడ్లు పెట్టవు. అక్కడ లేత ఆకు మిగలదు గదా, వెతుక్కుంటూ గుంపుగా ఇంకో చోటికి పోతాయి. మీ తోటకు కూడా పోయిన ఏడు అవి అలాగే ఎక్కడి నుంచో వచ్చి ఉంటాయి.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆ మాట మళ్లీ చదవండి. పురుగులు దారాల మీద వేలాడుతూ దిగాయి, మరునాడే మందు కొట్టించానన్నారు. దారం మీద దిగుతున్న పురుగు తిండి అయిపోయిన పురుగు. మీరు మందు కొట్టిన రోజు ఆ చెట్ల మీద చావాల్సిన పురుగు దాదాపు లేదు. చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయని రాశారు, అది మందు వల్ల కాదు. మందు కొట్టకపోయినా టేకు చిగురించేది. ఈ మాట మీకు బాధ కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. ఆ రోజు పొగమంచులా లేచిన మందు టేకు పురుగును చంపకుండా, గాలికి బాట దాటి మల్బరీ ఆకు మీద పడింది. ఆ ఆకు మీ మరిది చేతుల మీదుగా షెడ్డులోకి వెళ్లింది. జూలైలో మన దగ్గర గాలి పడమటి నుంచే వీస్తుంది. మీ టేకు పడమట, ఆయన తోట తూర్పున. మీరు రాసిన లక్షణాలు, అంటే తల పైకెత్తడం, పసరు కక్కడం, మందు తగిలిన పట్టుపురుగులో కనిపించేవే.

తప్పు మీదేనా అని అడిగారు. కావాలని చేసింది కాదు, అది ఉత్తరంలో ప్రతి వాక్యంలో కనబడుతోంది. షాపాయన పురుగు ఏ దశలో ఉందని అడగలేదు, పక్కన ఏ పంట ఉందనీ అడగలేదు, అమ్మాడు. భర్త దగ్గర లేడు, చెట్లు బోడిగా కనబడుతుంటే మామ ముఖం చూడలేక మీరు తొందరపడ్డారు. అయినా బాట అవతల పట్టుపురుగులు ఉన్నాయని మీకు తెలుసు. కొట్టేముందు ఒక్క మాట చెప్పి ఉంటే, ఆయన రెండు మూడు రోజులకు సరిపడా ఆకు ముందే కోసి పెట్టుకునేవాడేమో. తెలియక జరిగినదానికి మీరు కుమిలిపోవద్దు. చెప్పకపోయిన ఆ ఒక్క మాటకు మాత్రం క్షమాపణ చెప్పాల్సి ఉంది.

మీ మరిది అంటున్న రెండో మాట నిజం కాదు. టేకు పురుగు మల్బరీ తినదు. మల్బరీలో చిగురు ఆకులను దారాలతో చుట్టి తినే ఆకుచుట్టు పురుగు వేరే జాతి. దాని తల్లి మల్బరీ చిగుర్ల దగ్గరే గుడ్లు పెడుతుంది. పుట్టగానే నడిచి ఇంకో చెట్టు వెతుక్కునే శక్తి పిల్లకు ఉండదు కాబట్టి, ఏ ఆకు మీద గుడ్డు పెట్టాలో తల్లి చూసుకునే వాలుతుంది. మీ టేకు లేకపోయినా ఆయనకు ఆకుచుట్టు పురుగు వచ్చేది. ఇది ఆయనకు చెప్పండి గానీ, క్షమాపణ చెప్పిన రోజే కాదు. అదే రోజు చెప్తే లెక్క సరిపెట్టుకోవడానికి వచ్చినట్టు ఉంటుంది.

ఇక ఈ ఏడు ఏం చేయొచ్చో చూద్దాం.

మీ ఆయన చెప్పినట్టు ముందే మందు కొట్టించడం ఒక దారి. ఇప్పుడు మందు సరిగ్గా పనిచేసే రోజులు చాలా తక్కువ, గుడ్లు పగిలిన తర్వాతి నాలుగైదు రోజులే. ఆ రోజులను పట్టుకోగలిగినా, అంత ఎత్తు చెట్లకు గట్టి ప్రెషర్‌తో పైకి కొట్టాలి, గాలి మళ్లీ తూర్పుకే. "సేంద్రియ మందు, ఏం కాదు" అని ఎవరైనా బీటీ పొడి అంటగడితే తీసుకోవద్దు. గొంగళి పురుగులను చంపే ఆ సూక్ష్మజీవిని 1901లో జపాన్‌లో ఇషివాటా అనే ఆయన మొదట గుర్తించింది చచ్చిన పట్టుపురుగుల్లోనే. పట్టుపురుగు కూడా గొంగళి పురుగే గదా, ఏది టేకు పురుగును చంపుతుందో అది దాన్నీ చంపుతుంది. వేపనూనె పడిన మల్బరీ ఆకు కూడా పురుగుకు వేయకూడదు. క్లోరాంట్రానిలిప్రోల్ లాంటి కొత్త మందులైతే పట్టుపురుగుకు చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం, ఆకు మీద చాలా రోజులు ఉంటాయి కూడా. టేకు పురుగుకు మాత్రమే సోకే వైరస్ ఒకటి ఉంది. కేరళలో పీచిలోని అటవీ పరిశోధన సంస్థ దానితో మందు తయారు చేసి చూసింది. కానీ మీ టౌనులో మందుల షాపుకు పోయి అడిగితే దొరికే సరుకు కాదది. మీ తోట ఉన్నచోట మందు కొట్టడం నాకైతే ఇష్టం లేదు. తప్పదని మీ ఇంట్లో నిర్ణయిస్తే, మరిది ఒక బ్యాచ్ గూళ్లు తీసి ఇంకో బ్యాచ్ తెచ్చుకునే మధ్య రోజుల్లో, ఆయన ఒప్పుకుంటేనే, పురుగు కనబడ్డ చెట్ల వరకే చేయండి. అప్పుడు కూడా బాట వైపు మల్బరీ సాళ్ల ఆకు ఆ పంటకు వాడుకోలేని పరిస్థితి వస్తుంది. ఆ నష్టం మీరు భరిస్తామని ముందే చెప్పాలి.

ఏమీ చేయకుండా వదిలేయడం రెండో దారి. ఒకసారి ఆకు పోయినంత మాత్రాన టేకు చచ్చిపోదు, మళ్లీ చిగురిస్తుంది. కానీ ఉచితం కాదు. చెట్టు కాండానికి పోవాల్సిన బలమంతా కొత్త ఆకుకు పోతుంది. కేరళలోని నిలంబూర్‌లో లేత టేకు తోటల్లో ఐదేళ్లు కొలిచి 1985లో చెప్పిన లెక్క ప్రకారం, పురుగు నుంచి కాపాడిన చెట్లతో పోలిస్తే వదిలేసిన చెట్లలో కలప పెరుగుదల 44 శాతం తగ్గింది. అక్కడ వానలు విపరీతం, పురుగు ఏడాదికి పలుమార్లు వస్తుంది. నాలుగు నుంచి ఎనిమిదేళ్ల చెట్ల లెక్క అది. మీకు పోయిన ఏడు ఒక్కసారే వచ్చింది, అంతకుముందు పదేళ్లలో ఇంతగా ఎప్పుడూ చూడలేదని మీరే రాశారు. కాబట్టి ఆ అంకె చూసి బెంబేలు పడకండి. మీకు జరిగే నష్టం మహా అయితే కాండం ఒకటి రెండేళ్లలో లావెక్కేంత పెరుగుదల. పెళ్లిళ్లు ఒకటి రెండేళ్లు ముందో వెనకో జరగొచ్చు, మరిదికి పోయిన బ్యాచ్ మాత్రం ఆ నెల ఇంటి ఖర్చు.

వదిలేయడమంటే చూడకుండా ఉండడం కాదు. బల్బు కింద రెక్కల పురుగులు కనబడ్డాయన్నారు. వానకాలంలో బల్బు కిందికి ఎన్నో రకాలు వస్తాయి, అన్నీ టేకువి కావు. టేకు తల్లి పురుగు వాలినప్పుడు రెక్కలు గుడిసె కప్పులా ముడుచుకుంటుంది, పైరెక్కలు ఎండుటాకు రంగు. రెక్క విప్పితే కింది రెక్క నలుపు మీద నారింజ పసుపు మచ్చలు కనిపిస్తాయి. అది కనబడితే మరునాటి నుంచి పొద్దున్నే తోటలోకి పోండి. పై కొమ్మలు చూడలేరు గనుక, పాత మోళ్ల దగ్గర మొలిచిన పిలకలు చూడండి. వాటి ఆకు లేతగా ఉంటుంది, కంటికి అందుతుంది. ఆ ఆకు అడుగున ఈనెల పక్కన తెల్లటి చుక్కలు కనిపిస్తే పైన కూడా ఉన్నట్టే. ఆ పిలకల ఆకు తెంపి పారేయొచ్చు, దానివల్ల తోట మొత్తం బాగుపడదు గానీ మీకు తేదీ తెలుస్తుంది. పురుగులు దారాల మీద దిగే రోజులు వస్తే నాటుకోళ్లను తోటలోకి వదలండి. పురుగులు దిగిన మొదటి నాలుగైదు రోజుల్లోనే, కింద రాలిన ఆకును గొర్రుతో కదిలిస్తే కోళ్లు, మైనాలు గూళ్లను ఏరుకు తింటాయి. దానివల్ల మీ ఆకు తిరిగి రాదు, కానీ రెక్కలొచ్చి ఇంకొకరి తోటకు పోయేవి కొన్ని తగ్గుతాయి.

అక్టోబరు, నవంబరులో ఆకులు జల్లెడ పట్టినట్టు సన్న ఈనెలతో సహా మిగిలి ఎర్రబడితే కంగారు పడొద్దు. అది ఇంకో రకం పురుగు, ముదిరిన ఆకు తింటుంది, దాని గుడ్లు కూడా విడివిడిగానే ఉంటాయి. కొద్ది వారాల్లో ఎలాగూ రాలిపోయే ఆకు అది. నిలంబూర్ కొలతల్లో దానివల్ల పెరుగుదలకు చెప్పుకోదగ్గ నష్టం కనబడలేదు. ఆ పురుగు పేరు చెప్పి మందు అమ్మేవాళ్లు వస్తారు, అప్పుడు మీ మామ కూడా తొందరపెట్టవచ్చు. ఈ పేరా ఆయనకు చదివి వినిపించండి.

మూడో దారి మామ అన్నది. పదకొండేళ్ల టేకులో చేవ తక్కువ, బయటి తెల్ల కలపే ఎక్కువ. బేరగాడు ఇచ్చే ధర అందుకే తక్కువగా ఉంటుంది. పట్టా భూమిలో చెట్టయినా టేకు కొట్టాలన్నా, బండి మీద తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. "కాగితాలు నేను చూసుకుంట" అనే బేరగాడి మాట మీద సంతకం పెట్టొద్దు. ఇంకో సంగతి. టేకు కొడితే మోడు నుంచి పిలకలు వస్తాయి. ఆ పిలకలన్నీ లేత ఆకే, అంటే తల్లి పురుగుకు కావాల్సిన చోటే. పురుగు బాధ తప్పించుకోవడానికి కొడితే ఆ బాధ తప్పదు. కానీ మామ మాటలో ఒక మంచి ఉంది. మూడెకరాల్లో చెట్లు చాలా దగ్గరగా ఉన్నాయని మీరు రాశారు. వంకరవి, ఎదగనివి అనుమతి తీసుకుని తీయిస్తే మిగిలినవి లావెక్కుతాయి. ముఖ్యంగా బాట వైపు రెండు మూడు వరుసలు తీయించే ఆలోచన చేయండి. మరిది తోటకు, మీ చెట్లకు మధ్య ఖాళీ పెరుగుతుంది. వచ్చిన డబ్బులో కొంత ఆయన పోయిన బ్యాచ్‌కు ఇవ్వగలరేమో భర్తతో మాట్లాడండి. మొత్తం నష్టం తీర్చగలరని కాదు. ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి అన్నది పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లను అడిగి మొదలుపెట్టండి.

ఈ మూడింట్లో ఏది పట్టుకున్నా మరిదితో మాట లేకుండా నడవదు. ఆయన బ్యాచ్ తేదీ మీకు తెలియాలి, మీ తోటలో పురుగు పడిన రోజు ఆయనకు తెలియాలి. మామను మధ్యవర్తిగా పంపకండి. తండ్రి మాటకు తల వంచుతాడే గానీ మనసు విరిగే ఉంటుంది. పెద్దమనుషుల దగ్గర పెట్టే విషయమూ కాదు ఇది. మీరే వెళ్లండి. "మందు నేనే కొట్టిచ్చిన, నీకు చెప్పక కొట్టిచ్చిన, అది నా తప్పు" అని ఈ మూడు ముక్కలు చెప్పి ఆగండి. షాపాయన మాట, మామ ఒత్తిడి, ఊళ్లో మాటలు అన్నీ తర్వాత. ఆయన కోపంగా ఏదైనా అంటే అననివ్వండి. ఆ చచ్చిన పురుగులను గంపల్లో మోసుకుపోయి గుంతలో పూడ్చింది ఆయనా, మీ యారాలూ.

మాట కలిస్తే ఆయన సాయం అడగడానికి వెనకాడకండి. పట్టు రైతు కంటికి రెక్కల పురుగు తెలుసు. పట్టు తల్లి నాలుగైదు వందల గుడ్లు ఒకే అట్ట మీద ఒక్క రాత్రిలో పెడుతుంది, మీ టేకు తల్లి అన్నే గుడ్లు ఊరంతా చల్లుతుంది. పెట్టే తీరు వేరైనా, గుడ్డు పగిలే వేళ పసిగట్టే అనుభవం మీ ఇంట్లో ఆయనకే ఉంది. మీ పిలకల ఆకు ఒకటి తెంపుకుపోయి ఆయనకే చూపించండి. మందు తగిలిన బట్టలతోనో, టేకు తోటలో నుంచి నేరుగానో మాత్రం షెడ్డు దగ్గరికి పోవద్దు.

ప్రస్తుతం ఆయన షెడ్డులో చాకీ పురుగులు (రెండో జ్వరం దాకా వేరేచోట పెంచి తెచ్చే పిల్ల పురుగులు) దిగి నాలుగు రోజులైందని మీ చిన్నమ్మాయి చెప్పిందన్నారు. అంటే ఇంకో నాలుగైదు రోజుల దాకా ఆకు పని తక్కువ, ఆయనకు కాస్త తీరిక. ఈ నాలుగు రోజుల్లోనే, పొద్దున ఆకు వేయడం అయిపోయాక వెళ్లండి. ముందు యారాలితో మాట్లాడండి. లోపలికి పిలిస్తేనే, కాళ్లు చేతులు కడుక్కుని వెళ్లండి.